యోగా స్టూడియో: లెక్కల్లో కనిపించని పెట్టుబడి

2025 జూన్ 21న విశాఖ సాగరతీరం పొడవునా లక్షలాది మంది చాపలు పరిచారు. ప్రధానమంత్రి సమక్షంలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా ఆ ప్రదర్శన సాగింది. దానికి ఒక రోజు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో ఇరవై వేలకు పైగా ఆదివాసీ విద్యార్థులు 108 నిమిషాల పాటు సూర్య నమస్కారాలు చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. రికార్డుకు సంఖ్య కావాలి, సంఖ్యకు శరీరాలు కావాలి. అవి మన్యం నుంచి వచ్చాయి. ఆ పిల్లల్లో ఒకరు పదేళ్ల తరువాత అదే విశాఖలో ఒక హాలు అద్దెకు తీసుకుని, బోర్డు పెట్టి, రుసుము తీసుకుని యోగా నేర్పుతానంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నను ఉత్సవ నిర్వాహకులు అడగరు. యోగాను బ్రాహ్మణీయ తంతుగా కొట్టిపారేసే విమర్శకులూ అడగరు.

మన దగ్గర యోగా చర్చ ఎంతసేపూ అది మతమా, శాస్త్రమా అన్న చోటే తిరుగుతున్నది. ఈలోగా అది ఒక జీవనోపాధిగా, వ్యాపారంగా స్థిరపడింది. 2014 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి జూన్ 21ని యోగా దినంగా ప్రకటించిన నాటి నుంచి ప్రభుత్వాలు ఏటా ప్రజాధనంతో ఈ సరుకుకు గిరాకీ పెంచుతున్నాయి. గిరాకీ ప్రజలందరి సొమ్ముతో పెరుగుతున్నప్పుడు, దాన్ని ఆదాయంగా మార్చుకునే అవకాశం ఎవరికి దక్కుతున్నదని అడగడం న్యాయమైన ప్రశ్న.

మా విశ్వవిద్యాలయంలో చదివిన ఒక మాదిగ యువతి రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో యోగా స్టూడియో పెట్టాలని సంకల్పించింది. ఆమె ప్రాజెక్టు రిపోర్టు తయారీలో నేనూ పాలుపంచుకున్నాను. వెయ్యి చదరపు అడుగుల హాలు, నెలకు 40 వేల అద్దె, మూడు నెలల అడ్వాన్సు 1.20 లక్షలు. నేల, అద్దాలు, దీపాలు, ఫ్యాన్లకు 3.80 లక్షలు, చాపలు, ఇతర సామగ్రికి 60 వేలు, బోర్డుకు, ప్రచారానికి 40 వేలు. అద్దె, సహాయకురాలి జీతం, శుభ్రత, కరెంటు కలిపి నెల ఖర్చు 70 వేలు. ఆరు నెలలకు చేతిలో ఉంచుకోవలసింది 4.20 లక్షలు. మొత్తం 10.20 లక్షలు. అందులో 8 లక్షలు అప్పు తెస్తే, 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల వాయిదా సుమారు 17,400. తలకు రెండు వేల చొప్పున 44 మంది చేరితే గాని ఖర్చులు గట్టెక్కవు. ఆమె సొంత శ్రమకు కూలి ఆ తరువాతి మాట.

కాగితం మీద ఇది ఎవరికైనా ఒకటే లెక్క. ఆచరణలో ప్రతి అంకె పక్కనా కులం మరో అంకె వేసింది.

మొదటిది అద్దె. ఆమె చూసిన ఏడు భవనాల యజమానులూ తొలుత సంతోషించారు. యోగా పవిత్రమైన పని కదా, సాయంత్రం హోటళ్ల వాసన, గొడవ ఉండవు కదా అన్నారు. తరువాత ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు అడిగారు, ఊరుతోనూ తేలకపోతే “ఇంతకీ మీరేమిట్లు?” అన్నారు. ముగ్గురు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఒకాయన అడ్వాన్సును మూడు నెలల నుంచి పది నెలలకు పెంచాడు. కాదన్న వారెవరూ కులం కారణమని చెప్పలేదు. బంధువుల అబ్బాయికి ఇస్తున్నామన్నారు, మరమ్మతులు ఉన్నాయన్నారు. 1917లో విదేశీ పట్టాలతో బరోడా చేరిన అంబేడ్కర్‌కు తలదాచుకునే చోటు దొరకని సంగతి మన పాఠ్యపుస్తకాల్లో చరిత్రగా ఉన్నది. అద్దె సంత ఇంకా ఆ చరిత్రను దాటలేదు.

రెండవది నమ్మకం. ఇక్కడే అసలు విషయం ఉన్నది. వైద్యుడికి, న్యాయవాదికి చట్టం అర్హత నిర్ణయించింది. పట్టా లేనివాడు ఆ పని చేయరాదు. యోగా స్టూడియో తెరవడానికి అటువంటి నిర్బంధం లేదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డును ఏర్పాటు చేసి, బోధకులకు స్థాయిల వారీగా పరీక్షలు పెట్టింది. అయినా ఆ పత్రం స్వచ్ఛందమే. చట్టం అర్హత అడగని చోట కస్టమర్ దేన్ని చూసి నమ్ముతాడు? ఉచ్చారణను, ఆహారాన్ని, నుదుటి బొట్టును, గురుపరంపరను, ఇంటిపేరును చూసి నమ్ముతాడు. ప్రభుత్వ సర్టిఫికెట్ లేని చోట కులమే సర్టిఫికెట్ అవుతుంది. దానికి రుసుము లేదు, పరీక్ష లేదు, పుట్టుకతోనే చేతికి వస్తుంది. బ్యాంకు రిపోర్టులో చూపలేని ఈ పెట్టుబడి ఒకరికి వారసత్వంగా ఉన్నది. మరొకరు దాని లోటును రాయితీ రుసుములతో, రెట్టింపు శ్రమతో, కొన్నిసార్లు పేరు దాచుకోవడంతో పూడ్చుకోవలసి వస్తున్నది.

మా విద్యార్థిని ప్రభుత్వ పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. బోర్డు మీద పూర్తి పేరు వద్దని శ్రేయోభిలాషులే సలహా ఇచ్చారు. ఆమె వినలేదు. మూడో నెలకు 31 మంది చేరారు. కార్యాలయ గదిలో పతంజలి చిత్రం పక్కన అంబేడ్కర్ చిత్రం పెట్టిన తరువాత కొందరు మానుకున్నారు. ఎందుకో చెప్పలేదు. ఆమె ఆ చిత్రం తీయలేదు. మధ్యాహ్నాలు రెండు ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పి అద్దె కడుతూ స్టూడియోను నిలబెట్టుకున్నది.

“యాదవ కుటుంబం నుంచి వచ్చిన బాబా రాందేవ్ దేశంలోనే పెద్ద యోగా వ్యాపార సామ్రాజ్యం నిర్మించలేదా, ఇక కులం ఎక్కడున్నది?” అని కొందరు అడుగుతారు. ఉన్నది. ఆయన జనం ముందుకు వచ్చింది వ్యాపారిగా కాదు, కాషాయం ధరించిన సన్యాసిగా. సన్యాసం పూర్వాశ్రమంతో పాటు కులాన్నీ తెరవెనక్కి నెడుతుంది. సన్యసించకుండా, ఇంటిపేరు మార్చకుండా, పెళ్లి పిల్లలతో మామూలు మనిషిగా బతుకుతూ యోగా నేర్పి సంపాదించే హక్కు గురించి నేను మాట్లాడుతున్నాను.

యోగా ఏ ఒక్క కులానిదీ కాదని చెప్పడానికి చరిత్ర చాలు. హఠయోగ సంప్రదాయానికి మూలపురుషుడుగా చెప్పుకునే మత్స్యేంద్రనాథుడి కథలు జాలరి జీవితంతో ముడిపడి ఉన్నాయి. 13వ శతాబ్దానికి చెందినదిగా పరిశోధకులు భావించే దత్తాత్రేయ యోగశాస్త్రం బ్రాహ్మణుడితో పాటు శ్రమణుడు, బౌద్ధుడు, కాపాలికుడు, చివరికి చార్వాకుడు కూడా సాధనతో సిద్ధి పొందగలరని అంగీకరించింది. తెలుగు నేల మీద వేమనను యోగి అన్నాం. విశ్వబ్రాహ్మణ కులానికి చెందిన పోతులూరి వీరబ్రహ్మం దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా స్వీకరించాడు. షట్చక్రాల్లో దేవతలున్నారన్న మాటకు రుజువు కోరిన మాదిగ కక్కయ్య కథ జనశ్రుతిలో నిలిచి ఉన్నది. నల్లగొండ ప్రాంతంలో దున్న ఇద్దాసు అనే మాదిగ యోగి తత్వాలను నేటికీ పాడుకుంటారు.

మరి ఈ పరంపర స్టూడియో గోడల మీద ఎందుకు కనిపించదు? నేడు స్టూడియోల్లో నేర్పే ఆసనాల క్రమం చాలావరకు 1930ల్లో మైసూరు మహారాజు ఆదరణలో కృష్ణమాచార్య నడిపిన పాఠశాల నుంచి, ఆయన శిష్యులు పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్‌ల ద్వారా ప్రపంచానికి చేరింది. మహారాజు సిఫారసుతో విదేశీ వనిత ఇంద్రా దేవి కూడా అక్కడ శిష్యురాలైంది. 1940ల చివర ఆమె హాలీవుడ్‌లో స్టూడియో తెరిచింది. ఖండాంతరం నుంచి వచ్చిన మహిళ చేరగలిగిన ఆ పరంపరలో పక్క వాడలోని దళితుడి పేరు మనకు వినిపించదు. వారి కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అనేక పాయల్లో ఒక పాయే మొత్తం నదిగా చలామణి కావడం వల్ల మార్కెట్లో ఎవరి ముఖం గురువుగా చెల్లుతుందో నిర్ణయమైపోయిందని మాత్రమే అంటున్నాను.

ఇక రాజ్యం సంగతి. యోగా బోధనను ధర్మకార్యంగా చేపట్టి, ఆదాయపు పన్ను చట్టం కింద ధర్మసంస్థగా నమోదైన ట్రస్టుకు జీఎస్టీ మినహాయింపు ఉన్నది. సొంతంగా స్టూడియో నడిపే వ్యక్తి వార్షిక రాబడి 20 లక్షలు దాటితే 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం పన్ను కట్టవలసి వచ్చేది. ఇప్పుడది 5 శాతం. తగ్గింపు ఆహ్వానించదగినదే. కానీ భూములు, భవనాలు, భక్తులు ఉన్న ఆశ్రమానికి పన్ను లేకుండా, అప్పు తీర్చుకుంటున్న చిన్న బోధకురాలికి పన్ను వేయడంలోని తర్కం ఏమిటి?

రుణాల తీరూ ఇటువంటిదే. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు రుణమివ్వాలన్నది. కానీ దాని పరిధి 10 లక్షల నుంచి కోటి రూపాయలుగా ఉండేది. 8 లక్షలు కావలసిన ఆమె ఆ గడప దగ్గరే ఆగి ముద్ర రుణం కోసం వెళ్లింది. మరోవైపు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం మంగలి, చాకలి, కుమ్మరి, చెప్పులు కుట్టేవారు వంటి 18 వృత్తుల వారికి 5 శాతం వడ్డీతో మూడు లక్షల దాకా హామీ లేని రుణమిస్తున్నది. తెలంగాణలో 2021 నుంచి క్షౌరశాలలకు, లాండ్రీలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఉన్నది. ఆ చేయూత అవసరమే, కాదనను. కానీ దాని అంతరార్థం గమనించాలి. తాత చేసిన పని చేస్తే రాజ్యం చేయి అందిస్తుంది. తాతకు నిషిద్ధమైన పని ఎంచుకుంటే బజారు దయకు వదిలేస్తుంది. శరీరాన్ని తాకి స్వస్థపరిచే పని తరతరాలుగా మంగళ్లది, మంత్రసానులది. అది హీనమైన పనిగా ఉన్నంతకాలం వారికి మిగిలింది. గౌరవం, లాభం సమకూరగానే స్పాగా, వెల్‌నెస్‌గా మారి ఇతరుల చేతికి పోయింది.

శ్రమజీవులకు యోగా ఎందుకని అడిగే మిత్రులకు ఒక్క మాట. పొలంలో వంగిన నడుముకు ఆసనం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. మన పిల్లలు చేయవలసిన పనుల జాబితాను మనువు రాసినా, మనమే రాసినా ఫలితం ఒకటే. వృత్తిని ఎంచుకునే స్వేచ్ఛను కులం హరిస్తుందని అంబేడ్కర్ మనకు నేర్పాడు.

చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. చిన్న స్టూడియోలకు ట్రస్టులతో సమానమైన పన్ను విధానం ఉండాలి. మునిసిపల్ కమ్యూనిటీ హాళ్లను ఉదయం, సాయంత్రం వేళల్లో నామమాత్రపు అద్దెకు ఎస్సీ, ఎస్టీ, బీసీ బోధకులకు ఇవ్వాలి. తొలితరం మహిళా, ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల కోసం 2025-26 బడ్జెట్ ప్రకటించిన రుణపథకంలో 10 లక్షల లోపు అవసరాలకు, అద్దె అడ్వాన్సుకు చోటు కల్పించాలి. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో తరగతికి 250 రూపాయల లెక్కన నెలకు పురుషులకు 8 వేలు, మహిళలకు 5 వేలు ఇచ్చే పార్ట్‌టైమ్ కొలువులను గౌరవప్రదమైన వేతనంతో, రిజర్వేషన్లతో భర్తీ చేయాలి. వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకోవడాన్ని 2015 సవరణ తరువాత అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా గుర్తించింది. కులం చూసి హాలు నిరాకరించడమూ ఆ అడ్డంకుల్లో భాగమేనని స్పష్టపరచే నిబంధన రావాలి.

మైదానంలో ఆదివాసీ పిల్లల నమస్కారాలను లెక్కించడానికి అధికారులున్నారు, కెమెరాలున్నాయి. పట్టణాల్లో ఎన్ని యోగా కేంద్రాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో కూడా అంతే శ్రద్ధగా లెక్కించి ప్రకటించాలి. వచ్చే జూన్ 21న ప్రభుత్వాలు ప్రజల ముందు పెట్టవలసిన రికార్డు అది.