ఎలాగూ తినరు కదా అంటే ఎలా?

“ఎలాగూ ఎవరూ తినరు కదా, హాట్ గ్లూ పెట్టి అతికించెయ్యండి.”

డిసెంబరు మొదలైందంటే చాలు, అమెరికాలో ఉన్న మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తిరగడం మొదలవుతుంది. జింజర్‌బ్రెడ్ ఇల్లు నిలబడడం లేదు, గోడ పెడితే పైకప్పు జారుతోంది, పైకప్పు పట్టుకుంటే గోడ పడుతోంది, పిల్ల ఏడుస్తోంది, ఏం చెయ్యను అని ఒకావిడ అడుగుతుంది. వెంటనే నలుగురు గ్లూ గన్ అంటారు. స్కూల్ ప్రాజెక్టుల్లో అట్టముక్కలు అతికించే ప్లాస్టిక్ జిగురే అది. తినే వస్తువుని ప్లాస్టిక్‌తో అతికించమని ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పడం, ఆవిడ “థాంక్యూ అక్కా” అని హార్టు బొమ్మ పెట్టడం! ఆ మెసేజీ చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈసారి రాసేస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.

అసలు ఆ ఇల్లు ఎందుకు కూలుతుందండీ? మనం ఆగం కాబట్టి. కిట్ పెట్టె మీద నవ్వుతున్న పిల్ల, పక్కన పూర్తయిన ఇల్లు ఉంటాయి. ఆదివారం భోజనాలయ్యాక పెట్టె విప్పి, సాయంత్రం టీ వేళకి ఫోటో దిగాలని కూర్చుంటాం. సంచిలోని ఐసింగ్ పిండి, నాలుగు గోడలు పెట్టి, అది ఇంకా తడిగా ఉండగానే పైకప్పు ఎక్కిస్తాం. పైకప్పు బరువు కిందికి మాత్రమే దిగదు, పక్క గోడల్ని బయటికి నెడుతుంది కూడా. తడి ఐసింగ్ ఆ తోపుడు ఎలా ఆపుతుంది? జారుతుంది. అప్పుడు గ్లూ గన్ గుర్తొస్తుంది.

తరవాతి తంతు మీకూ తెలుసు. పిల్లలు విసుగెత్తి టీవీ ముందుకి పోతారు. “రేపు పొద్దున్నకి అయిపోవాలమ్మా” అని పడుకుంటారు. రాత్రి పదకొండింటికి వంటింట్లో అమ్మ ఒక్కతీ వేళ్ళు కాల్చుకుంటూ జిగురు పెడుతూ ఉంటుంది. పొద్దున్న నాన్నగారు ఫోటో తీసి “మా బుజ్జిగాడు కట్టిన ఇల్లు” అని పెడతారు. మా పెద్దది రెండో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్లో వీటికి పోటీ పెట్టారు. ఫ్యామిలీ ప్రాజెక్టు అని పేరు. మొదటి బహుమతి వచ్చిన ఇంటికి కంచె, వీధి దీపం, లోపల బ్యాటరీ లైటు కూడా ఉన్నాయి. నువ్వేం చేశావు నాన్నా అని ఆ పిల్లవాణ్ణి అడిగితే “నేను ఎం అండ్ ఎమ్స్ పెట్టాను” అన్నాడు పాపం. రెండు ఎం అండ్ ఎమ్స్. మిగతాదంతా వాళ్ళమ్మ నిద్ర.

మన చిన్నప్పుడు ఇంటి ముందు ఇసకపోస్తే తడి ఇసకలో కాలుపెట్టి, పైన ఇసక కప్పి, తట్టి తట్టి మెల్లిగా కాలు తీసేవాళ్ళం. పిచ్చుకగూళ్ళు. తొందరపడి కాలు లాగితే కూలేది. మళ్ళీ కట్టేవాళ్ళం. ఎన్ని తట్లు తట్టాలో, ఎంత తడి ఉండాలో మనకే తెలిసేది. ఏ అమ్మైనా వచ్చి మన గూటికి ఫెవికాల్ రాసిందా? ఆవిడకి మనం ఏం కడుతున్నామో కూడా తెలీదు, అన్నానికి పిలవడానికి తప్ప బయటికి వచ్చేది కాదు.

ఇంక “ఎలాగూ తినరు” అనే మాట సంగతి. ఈ ఇళ్ళకి ఇంత పేరు తెచ్చిన కథ గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయించిన హాన్సెల్, గ్రెటెల్ కథ. అడవిలో తప్పిపోయి ఆకలితో నకనకలాడుతున్న ఇద్దరు పిల్లలకి రొట్టెతో కట్టిన ఇల్లు కనబడుతుంది, కేకు పైకప్పు, చక్కెర కిటికీలు. వాళ్ళు చేసిన మొదటి పని పైకప్పు విరుచుకుని తినడం! తినబుద్ధి కాని ఇల్లైతే ఆ కథే లేదు. జర్మనీలో న్యూరెంబర్గ్ వాళ్ళ లేబ్‌కూఖెన్ అని ఈ జాతి రొట్టె ఒకటి వందల ఏళ్ళ నుంచి ఉంది. అందులో ఎలీసెన్ అనే మేలురకంలో పిండి పదో వంతు మించకూడదు, బాదం, వాల్‌నట్ లాంటి గింజలు కనీసం పావు వంతు ఉండాలి. అందులో పడే దాల్చినచెక్క, లవంగం, యాలకులు మన తూర్పు దేశాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన సరుకే. అంత మర్యాదగల తిండిని తెచ్చి షోకేసు బొమ్మ చేశాం.

పెద్దవాళ్ళ చేతిలో పడితే ఇలాగే అవుతుంది మరి. 2013లో టెక్సాస్‌లోని బ్రయన్ అనే ఊళ్ళో గిన్నిస్ రికార్డు కోసం మనుషులు లోపలికి నడిచి వెళ్ళేంత జింజర్‌బ్రెడ్ ఇల్లు కట్టారు. 7,200 గుడ్లు, 1,800 పౌండ్ల వెన్న. ఆసుపత్రికి విరాళాల కోసం చేశారు కాబట్టి నోరు మూసుకుంటాను. కానీ దాన్ని నిలబెట్టింది లోపలున్న కర్ర చట్రం. వైట్‌హౌస్‌లో 1969 నుంచి ఏటా కడుతున్నారు, అది చెయ్యి తిరిగిన వంటవాళ్ళ పని. ఈ రెంటినీ చూసి మన వంటింటి బల్ల మీద ఇంటికి కొలత పెట్టుకుంటే ఏడుపే మిగులుతుంది.

చూడవలసింది నార్వేలోని బెర్గెన్ ఊరిని. అక్కడ 1991 నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఊరు ఊరంతా కలిసి ఒక జింజర్‌బ్రెడ్ పట్నం కడుతుంది. పసిపిల్లల బడుల నుంచి, స్కూళ్ళ నుంచి, ఇళ్ళ నుంచి, ఆఫీసుల నుంచి ఎవరి ఇల్లు వాళ్ళు కాల్చి తెచ్చి పెడతారు. మూడేళ్ళ పిల్ల కట్టిన వంకర గుడిసె, ఆర్కిటెక్టు కట్టిన మేడ ఒకే వీధిలో ఉంటాయి. 2009లో ఎవరో రాత్రిపూట దూరి ఆ పట్నాన్ని నాశనం చేశారు. ఊరివాళ్ళు ఏం చేశారు? మళ్ళీ పిండి కలిపారు. మళ్ళీ కట్టారు. ఎలా కట్టాలో పిల్లలతో సహా అందరి చేతులకీ తెలుసు కాబట్టి కట్టగలిగారు. మన ఇంట్లో గ్లూతో నిలబెట్టిన ఇల్లు విరిగితే మళ్ళీ కట్టడం ఎవరికి తెలుసు?

సరే, తిట్టడం తేలిక, చేసి చూపించు అంటారు. మా ఇంట్లో ఇది మూడు రోజుల పని. మూడు రోజులా అని గుండెల మీద చెయ్యి వేసుకోకండి, రోజుకి గంట పట్టదు. మిగతాదంతా ఆరడం. అరిసెల పిండికి ముందురోజే బియ్యం నానబోసి, ఆవకాయ మూడోరోజు తిరగకలిపే జాతి మనది, మనకి ఆగడం ఎవరో నేర్పాలా?

మొదటి రోజు పిండి. మైదా 6 కప్పులు, వెన్న 1 కప్పు, బ్రౌన్ షుగర్ 1 కప్పు, మొలాసిస్ కప్పుంపావు, గుడ్లు 2, శొంఠి పొడి, దాల్చినచెక్క పొడి చెరో పెద్ద చెంచా, చిటికెడు లవంగం పొడి, ఉప్పు. వంటసోడా వెయ్యకండి. కుకీ పొంగితేనే బాగుంటుంది, గోడ పొంగితే వంకర పోతుంది. చాలామంది ఇల్లు అక్కడే పాడవుతుంది. ముద్దని ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి, బేకింగ్ కాగితం మీదే పావు అంగుళం మందాన ఒత్తి, కాగితం మీదే కొయ్యాలి. కోసిన ముక్కని చేత్తో ఎత్తితే సాగుతుంది. ఎత్తకుండా చుట్టూ ఉన్న పిండిని లాగెయ్యండి.

కొలతలు చిన్నవే పెట్టుకోండి. ముందు వెనక గోడలు 4 అంగుళాల వెడల్పు, పక్కన 3 అంగుళాల ఎత్తు, నడిమి కొప్పు 5. పక్క గోడలు 5 అంగుళాల పొడవు, 3 ఎత్తు, ఇవి ముందు వెనక గోడల మధ్యలో కూర్చుంటాయి. పైకప్పు పలకలు 6 అంగుళాలు, మూడున్నర. ఈ లెక్క అట్టముక్కల మీద పిల్లల చేత గీయించండి, ముందు అట్ట ఇల్లు నిలబెట్టి చూడమనండి. మా రెండోవాడికి కోణం అంటే ఏమిటో అక్కడే అర్థమైంది, పుస్తకంలో కాదు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కాల్చి, వేడిగా ఉండగానే అంచులు కత్తితో సరిచెయ్యాలి, ఇది మాత్రం పెద్దవాళ్ళ పని. చల్లారాక మూత పెట్టకుండా రాత్రంతా వదిలెయ్యండి. మెత్తటి గోడ ఏ ఐసింగ్‌తోనూ నిలవదు.

రెండో రోజు గోడలు. ఐసింగ్ పొడి చక్కెర 1 పౌండు, మెరింగ్ పౌడర్ 3 పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్ళు 5 చెంచాలు, గరిట ఎత్తితే కొన వాలకుండా నిలబడేదాకా గిలక్కొట్టాలి. గిన్నెకి నూనె జిడ్డు ఉంటే నురగ రాదు. పచ్చి తెల్లసొన పిల్లలకి నేను పెట్టను. గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళు గిలక్కొట్టి చూడండి, అదీ తెల్లసొనలాగే నురగ కడుతుంది. పిండిలో గుడ్డు బదులు కాస్త పాలు పొయ్యండి. గోడలకి కిటికీలూ పువ్వులూ పడుకోబెట్టి ఉన్నప్పుడే వెయ్యనివ్వండి, అవి ఆరాక నాలుగు గోడలూ అతికించి, రెండు వైపులా కూర డబ్బాలు ఆసరా పెట్టండి. పెట్టి, వదిలెయ్యండి. పైకప్పు ఆ రోజు పెట్టకూడదు. పిల్లలు గునుస్తారు. గునవనివ్వండి.

మూడో రోజు పైకప్పు. ఒక్కో పలకని పది నిమిషాలు పట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో ఈ ఉద్యోగం మా ఆయనది. ఫోన్ చూడ్డానికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి ఆ పది నిమిషాలూ పిల్లలతో మాట్లాడతారు. ఏడాదికోసారి దొరికే అవకాశం, వదులుకోకండి.

పాకం పెట్టి అతికించొచ్చు కదా అని పాకాలు తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే, ఉండపాకం దాటి ఎర్రగా కాగిన చక్కెర క్షణాల్లో రాయైపోతుంది, హోటళ్ళలో అలాగే చేస్తారు. కానీ అది చర్మానికి అంటుకుంటే వదలదు. పిల్లల్ని దూరంగా ఉండమనాలి. దూరంగా నిలబెట్టి కట్టేదానికి ఈ గొడవంతా ఎందుకు? విశాఖ, కాకినాడల్లో ఉండి ప్రయత్నించేవాళ్ళకి ఒక మాట. సముద్రపు గాలికి మొలాసిస్, బెల్లం చెమ్మ పీలుస్తాయి, వానాకాలంలో బెల్లం డబ్బా చూడలేదూ? ఫ్యాన్ కింద కాకుండా ఏసీ గదిలో ఆరబెట్టండి, ఇల్లు ఇంకా చిన్నది చెయ్యండి.

మన పండగ కాదు కదా ఎందుకింత అని మా అత్తగారు అడిగారు. కాకపోతే మానెయ్యొచ్చు, నిజంగా. గుంటూరులో మా పక్కింటి క్రైస్తవులు క్రిస్మస్‌కి అరిసెలు, కేకు చేసేవాళ్ళు కానీ ఈ ఇల్లు ఎప్పుడూ కట్టలేదు, వాళ్ళ పండగకేం తక్కువ కాలేదు. ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరే తల్లికి ఇది ఇంకో గుదిబండ అయితే స్కూలుకి “మేం చెయ్యడం లేదు” అని రెండు ముక్కలు రాసి పంపెయ్యండి. పిల్లకి ఏమీ కాదు. చేసేదైతే మాత్రం పిల్లల చేతులతో, తినేలా చెయ్యండి. వంకరగా ఉందా, ఉండనివ్వండి. ఆ వంకర చూసి ఎవరైనా మిమ్మల్ని నవ్వితే వాళ్ళ ఇంటి గోడ ఒకసారి గోరుతో గీకి చూడండి, గ్లూ తగులుతుంది.

మా ఇల్లు జనవరి ఒకటి దాకా ఉంటుంది, పైన పల్చటి గుడ్డ కప్పి. ఆ రోజు పొద్దున్న అప్పడాల కర్రతో పిల్లలే పగలగొడతారు. పొగగొట్టం ఎవరిది అన్నదాని మీద ఏటా యుద్ధమే. గోడ ముక్కలు అప్పటికి గట్టిపడి ఉంటాయి, పాలలో ముంచితే దారికొస్తాయి. పైకప్పు పట్టుకున్నాయనకి టీతో రెండు పెద్ద ముక్కలు, అది ఆయన కూలి.