గృహిణీ ప్రసంగము: కడపటి క్షణపు పాట

మేము నివసించు గన్‌ఫౌండ్రీకి ఫిరంగుల పోతశాల వలన ఆ పేరు కలిగినది. నిజామలీఖాను కొలువున నుండిన ఫ్రెంచి సేనాని రేమండు 1786వ సంవత్సరమున దానిని స్థాపించెను. ఆ ఫిరంగులు మూగవోయి చిరకాలమైనది. ఇప్పుడు పొంచియుండి కొట్టు మరియొక విద్య మా వీధి యిండ్లలోనికి వచ్చినది. అంతర్జాలపు వేలములందు గడువు ముగియబోవు కడపటి సెకండున మన పక్షమున తానే పాట పాడు యంత్రసాధనమే యది. దీనిని స్నైపింగ్ అందురు. చాటుననుండి గురిచూచి కాల్చుట యని యర్థము.

మా పొరుగింటి సోదరి తండ్రిగారు నిజాము రాజ్యపు తపాలాబిళ్లలను కూర్చియుండిరి. ఆ పుస్తకము చెదలపాలైనది. 1931లో వెలువడిన చార్మినారు, ఉస్మాన్‌సాగరు, అజంతా ద్వారము మున్నగు బొమ్మల వరుస యొకటి ఈబేలో వేలమునకు రాగా, తండ్రి జ్ఞాపకార్థము దానిని కొనదలచెను. ఐదు దినములు కాచుకొనెను. పది సెకండ్లుండగా హెచ్చుపాట తనదే. ఱెప్ప వేసి తెఱచునంతలో వేఱొకరు పాడుకొనిపోయిరి.

“వదినగారూ, ఇది మోసము గాదా? మా అబ్బాయి ఆ యంత్రమునే మనమును పెట్టుదమనుచున్నాడు. ఈసారి ఐదువేలైనను సరే!” అని ఆమె మా యింటికి వచ్చి కంటనీరు పెట్టుకొనెను. ఆ ఐదువేలు పిల్లవాని పరీక్ష రుసుమునకు దాచినవని మేమెఱుగుదుము.

మోసము గాదు. మన యెఱిగిన వేలములందు “మూడవసారి” యనువఱకు పాట సాగును. పైపాట వచ్చెనా, మరల “ఒకటవసారి” మొదలు. బాలాపూరు గణపతి లడ్డు 1994లో 450 రూపాయలకును, 2025లో 35 లక్షలకును పోయినది ఈ పద్ధతిననే. ఈబేలోనన్ననో గడియారమే రాజు. నిర్ణీతకాలము కాగానే తలుపు మూయబడును. అట్టిచోట కడవఱకు పొంచియుండుట క్రొత్తగాదు. పూర్వము లండను నగరమున కొవ్వొత్తి ఆఱువఱకు వేలము సాగెడిది. దీపమాఱుటకు ముందు పొగ క్రిందికి దిగునని కనిపెట్టి, సరిగా ఆ క్షణముననే పాడి గెలిచిన చతురుని గూర్చి శామ్యూల్ పీప్స్ తన 1662వ సంవత్సరపు దినచర్యలో వ్రాసియున్నాడు.

అయినను ఒక రహస్యము కలదు. ఈబేలో మన కడపటి వెలను మొదటిదినముననే వ్రాయవచ్చును. ఆ వెల యితరులకు కనబడదు. ఎవరైన పాడినప్పుడు మన తరపున వారే కావలసినంత మాత్రమే పెంచుచుందురు. గెలిచినచో రెండవవారి పాటకంటె ఒక మెట్టు మాత్రమే హెచ్చుగా చెల్లింతుము. ఇరువురి వెల సమానమైనచో ముందు వ్రాసినవారిదే గెలుపు. కావున మన వెలను మించి పెట్టినవారు తప్ప, ఎంత కడపట వచ్చినను మనలను గెలువలేరు.

“మీరు మనసులో అనుకొన్న వెల యెంత?” అని యడిగితిమి. “రెండువేలు.” “వ్రాసినదెంత?” “పదునాలుగు వందలు. అవసరమైన పెంచవచ్చునని...” ఆ మిగిలిన ఆఱువందలే ఆమెను కొట్టినవి గాని, యంత్రము కాదు.

మఱి యంత్రమువలన లాభము లేదా? కలదు. మన పాటను చూచి యితరులు పంతమునకు దిగుటకు అది వ్యవధి నీయదు. మనలనుగూడ పంతమునకు దిగనీయదు. గడువు తీరిన తలుపు మూయుటయే దీనికి మూలమని రాత్, ఓకెన్‌ఫెల్స్ అను పండితులు 2002లో చూపిరి. కడపట పాట వచ్చినచో గడువును పది నిమిషములు పొడిగించు అమెజాన్ వేలములందు ఈ పొంచియుండుట చాల తక్కువగా నుండెనట. రాత్ గారికి 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. అయితే ఇట్టి సాధనములు కొన్నిటికి మన పేరును, రహస్యపదమును అప్పగింపవలయును. ఎవరో యెఱుగనివానికి యింటి తాళపుచెవి యిత్తుమా?

అప్పు తీరని యిండ్లకై బ్యాంకులవారు జరపు వేలములందు సామాన్యముగా కడపటి నిమిషపు పాటకు గడువు పొడిగింపబడును. అచట పొంచియుండుట నిష్ఫలము, పంతమో, మహాప్రమాదము. నిబంధనల ప్రకారము గెలిచినవారు ఆ దినముననో మఱునాటి పనిదినముననో ధరావతుతో కలిపి నాలుగవ వంతు చెల్లింపవలయును. తక్కినది సామాన్యముగా వేలము ఖరారైన పదునైదు దినములలోపల. లేనిచో కట్టినది దక్కదు. తపాలాబిళ్లకై యలవడిన ఆవేశము ఇంటి పాటకు పోయినచో సంసారమే మునుగును.

మఱియొక వరుస వేలమునకు వచ్చినప్పుడు ఆ సోదరి తపాలాఖర్చును, సుంకమును తీసివేసి, తన కడపటి వెలను కాగితముపై వ్రాసి, పంచాంగమున దాచి, మొదటిదినముననే పాడి, ఆ రాత్రి నిదురించెను. ఉదయమున చూడగా అది హెచ్చు వెలకు పోయినది. “ఈసారి నన్నెవరును కొట్టలేదు వదినగారూ! నా వెల దాటినది, అంతే” అని నవ్వెను. పరీక్ష రుసుము సకాలమున చెల్లింపబడినది.

సోదరీమణులారా! పాటకు ముందు కాగితము, తరువాత గడియారము. ఈ వరుస తప్పనివారికి యంత్రమున్నను, లేకున్నను ఒక్కటే.