జాలీ లేని జిరాఫీ గది

మొన్న బేగంపేటలో తెలిసినవాళ్లింటికి వెళ్తే, రాబోయే పసివాడి కోసం గది ముస్తాబు చేస్తున్నారు: గోడకు జిరాఫీ స్టిక్కర్లు, ఊగని చెక్క తొట్టి, దాని నిండా దిండ్లు. కిటికీకి మాత్రం జాలీ లేదు! దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ పట్టుకున్నది ఈ బేగంపేటలోనే కదా. 1902లో నోబెల్ కూడా ఆ పనికే వచ్చింది. ఆయన ఆ పరిశోధన చేసిన భవనం ఉన్న పేటలో దోమను మరిచిపోతే ఎలా? నన్నడిగితే మొదటి ఖర్చు జాలీకి, దోమతెరకి. రంగులు వేయిస్తే కాన్పుకు చాలా ముందే వేయించి వాసన పోనివ్వాలి. డబ్బా మీద సీసం 90 పీపీఎం మించదన్న మాట ఉందో లేదో చూడాలి. దిండ్లు, మెత్తటి బొమ్మలు తొట్టిలోంచి తీసేయండి. ముద్దొస్తాయి, నిజమే, కానీ ముక్కుకు అడ్డం పడితే పసివాడు పక్కకు నెట్టలేడు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెడితే చాలు. అయినా వాడు ఆ గదిలో ఒంటరిగా పడుకుంటాడా ఏమిటి? మొదటి ఆరు నెలలు తల్లి మంచం పక్కనే వేరే తొట్టిలో ఉంచమని పిల్లల డాక్టర్లూ అంటారు. 21వ రోజు తొట్టెలలో వేసేటప్పుడు అమ్మమ్మ ఎలాగూ తన పాత నూలు చీరే తెస్తుంది. వాడు జిరాఫీని గుర్తుపట్టే నాటికి స్టిక్కర్ అంచులు ఊడి ఉంటాయి.