బాస్ గిటారు: పాసివ్ మేలా, యాక్టివ్ మేలా?



“మా అమ్మాయికి పదునాఱేండ్లు. తోడి విద్యార్థినులతో గూడి పాటలు వాయించుటకు బాస్ గిటారు కావలెనని కోరుచున్నది. అంగడివాడు యాక్టివ్ వాద్యమే మేలనుచున్నాడు. దాని వెల యెక్కువ. మా అన్నగారి కుమారుడు పాసివ్ వాద్యమే చాలుననుచున్నాడు. ఈ రెండు మాటలకును అర్థమేమో మా యింట నెవరికిని తెలియదు. ఏది కొనవలయును?” అని యొక సోదరి వ్రాసియున్నారు. కూడబెట్టిన సొమ్ము వెచ్చించునపుడు అంగడివాని మాటయే ప్రమాణమైన యెడల మనకు చిక్కు తప్పదు. కావున ఈ మాసము ఈ విషయమునే ముచ్చటింతము.

సామాన్యముగా గిటారునకు ఆఱు తీగలు, బాస్ గిటారునకు నాలుగు. ఈ నాలుగును గిటారులోని లావు తీగలు నాలుగింటికంటె ఒక స్థాయి క్రిందుగా శ్రుతి చేయబడును. వానిలో మిక్కిలి లావైనది సెకనునకు ఇంచుమించు 41 మాఱులు కంపించును. వినువారి చెవి పాడువారి గొంతుమీదనే యుండును; బాస్ నాదమును వేఱుగా గుర్తించువారు తక్కువ. అయినను ముగ్గునకు చుక్కలెట్లో పాటకు బాస్ అట్టిది. గీతలే కంటికి ఇంపు. చుక్క తప్పినచో ముగ్గంతయు చెడును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ అను ఊర లియో ఫెండర్ అను నాతడు 1951లో ప్రెసిషన్ బాస్ అను వాద్యమును విక్రయమునకు దెచ్చెను. అంతకు మునుపు బాస్ వాయించువారు మనిషి యెత్తు పెద్ద వాద్యమును నిలువబెట్టి వాయించెడివారు. 1960లో ఆతని సంస్థయే జాజ్ బాస్ అను మఱియొక వాద్యమును వెలువరించెను. ఈ రెండును పాసివ్ వాద్యములే.

ఇక లోపలి పని వినుడు. తీగలక్రింద పికప్ అను చిన్న పెట్టె యుండును. అందులో అయస్కాంతములును, వాని చుట్టు వెండ్రుకవలె సన్నని రాగితీగ వేలకొలది చుట్లును గలవు. పైనున్న ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు కేబులు గుండ యాంప్లిఫయరునకు బోయి, అచట పెద్దదై, స్పీకరున ధ్వనియగును. ఇంతవఱకు రెండు విధముల వాద్యములకును భేదము లేదు. భేదమంతయు పికప్పునకును కేబులునకును నడుమనే యున్నది.

పాసివ్ వాద్యములో బ్యాటరీ యుండదు. ధ్వనిని తగ్గించు మీట యొకటి, టోన్ మీట యొకటి, వానితో గూడిన చిన్న కెపాసిటరు, ఇంతే. ఈ టోన్ మీట తారనాదమును తగ్గించి ధ్వనిని మెత్తపఱచును. లేని నాదమును తేజాలదు. ఇది జల్లెడ వంటిది. జల్లెడ పిండిలోని పొట్టును ఆపగలదు గాని పిండిని పెంచలేదుకదా!

యాక్టివ్ వాద్యములో ప్రీయాంప్లిఫయరు అను చిన్న యంత్రము అదనముగా నుండును. అది సాధారణముగా 9 వోల్టుల బ్యాటరీతో పనిచేయును. కొన్నిట రెండు బ్యాటరీలు గూర్చి 18 వోల్టులు వాడుదురు. మంద్రమునకొకటి, తారమునకొకటి, పెక్కింట మధ్యమునకొకటియు మీటలుండును. వీనితో నాదమును తగ్గింపనువచ్చును, హెచ్చింపనువచ్చును. ఇది పోపు వంటిది. కొఱతగా నున్న రుచిని చేర్చును. అయితే పోపు మితిమీరినచో కూర రుచి చెడునట్లే, తారమును మిక్కిలి హెచ్చించినచో నాదముతోబాటు సన్నని బుసయు హెచ్చును. చేయి తిరుగనివారు మీటలు త్రిప్పుచు కాలము పుచ్చుటయు గలదు.

మఱియొక ప్రయోజనము వినదగినది. పాసివ్ వాద్యమునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి సుకుమారమైనది. కేబులు పొడవైనకొలదియు తారనాదము త్రోవలోనే క్షీణించును. యాక్టివ్ వాద్యమునకు ఈ బాధ యించుమించు లేదు. కాని యింటిలో మూడు మీటర్ల కేబులుతో సాధన చేయు బాలికకు ఈ భేదము చెవికి తగులుట అరుదు. పెద్ద రంగస్థలముపై పొడవైన కేబులు వాడువారికే ఇది ముఖ్యము.

యాక్టివ్ వాద్యమునకు బ్యాటరీయే ప్రాణము. కేబులు కొన వాద్యమున గ్రుచ్చియున్నంతసేపును బ్యాటరీ ఖర్చగుచునే యుండును. వాయించినను ఒకటే, గోడకానించి భోజనమునకు బోయినను ఒకటే. కావున సాధన ముగియగానే కేబులు తీసివేయుట అలవాటు చేయింపవలయును. బ్యాటరీ క్షీణించినపుడు ధ్వని పగిలినట్లగును. పిమ్మట బొత్తిగా నిలిచిపోవును. కొన్ని వాద్యములలో యాక్టివ్‌నుండి పాసివ్‌నకు మార్చు మీట యుండును. అట్టిదున్నచో సభామధ్యమున బ్యాటరీ చచ్చినను పాట ఆగదు.

వెల యెక్కువగుటచే యాక్టివ్ ఉత్తమమనియు, పాసివ్ అధమమనియు తలపరాదు. 1972లో కాలిఫోర్నియాలోని అలెంబిక్ అను సంస్థ జాక్ కాసడీ అను వాదకునికొఱకు యాక్టివ్ బాస్ నిర్మించెను. 1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ స్టింగ్‌రే అను యాక్టివ్ బాస్ వెలువరించగా, ఆ విధమైన వాద్యము పెక్కుమంది చేతులకు వచ్చెను. ఆ స్టింగ్‌రే నిర్మాణమున పాలుగొన్నవాడు మునుపు పాసివ్ బాస్ చేసిన లియో ఫెండరే! రెండింటిని చేసిన చేయి యొకటే యైనపుడు ఒకదానిని మెచ్చి యొకదానిని దూషించుట యేల?

డెట్రాయిట్ నగరపు మోటౌన్ పాటలకు జేమ్స్ జేమర్‌సన్ వాయించినది 1962 నాటి పాసివ్ ప్రెసిషన్ బాస్. లూయిస్ జాన్‌సన్ బొటనవ్రేలితో తీగలను కొట్టి వాయించుటకు ప్రసిద్ధుడు. ఆతని చేత స్టింగ్‌రే వెలిగెను. మార్కస్ మిల్లర్ యొక్క 1977 నాటి జాజ్ బాస్ పుట్టుకతో పాసివ్; దానిలో న్యూయార్కు వాద్యశిల్పి రోజర్ సడౌస్కీ ప్రీయాంప్లిఫయరును అమర్చెను. ఈ కడపటి దృష్టాంతమునే మన గృహిణులు మనసున నుంచుకొనవలయును. నేడు పాసివ్ వాద్యము కొన్నచో రేపు దానిని యాక్టివ్‌గా మార్చుకొనవచ్చును. లేదా నేలపైనుంచి పాదముతో నొక్కు ప్రీయాంప్లిఫయరు పెట్టెను వేఱుగా కొనవచ్చును. త్రోవ మూసికొనిపోదు.

“ఆడపిల్లకు ఇంత లావు తీగలేల?” యని పలుకు పెద్దలును గలరు. వారికి కారల్ కే కథ చెప్పుడు. 1963లో లాస్ ఏంజెలెస్ నగరమున ఒక రికార్డింగునకు బాస్ వాయించువాడు రాకపోగా, అంతవఱకు గిటారు వాయించుచుండిన ఈమె ఆ వాద్యమును చేపట్టెను. బిడ్డలను పోషించుకొనుచునే అసంఖ్యాకములైన పాటలకు పాసివ్ ప్రెసిషన్ బాస్ వాయించి ఖ్యాతి గాంచెను. మన దేశముననే ముంబయిలో పుట్టిన మోహినీ డే తండ్రివద్ద చిన్ననాటనే బాస్ నేర్చి, ఏ.ఆర్. రెహమాన్ ప్రభృతులతో వాయించి, దేశదేశములందు కీర్తి గాంచినది.

ఇక కొనునపుడు చూడవలసినవి. రెండు వాద్యములను ఒకే యాంప్లిఫయరుపై వాయింపజేయుడు. యాక్టివ్ వాద్యము తఱచు బిగ్గరగా మ్రోగును. బిగ్గరగా మ్రోగినదే మంచిదని చెవి మోసపోవును. కావున రెండింటి ధ్వనిని సమముగా జేసి, యాక్టివ్ మీటలను నడిమి గుర్తునకు దెచ్చి, అటుపిమ్మట పోల్చుడు. మీటలు త్రిప్పునపుడు గరగర వినబడిన యెడల ఆ వాద్యము వలదు. బ్యాటరీ గది సులభముగా తెఱచుకొనునో లేదో చూడుడు. తీగ పొడవు సాధారణముగా 34 అంగుళములు. చిన్న చేతులవారికి 30 అంగుళములవియు దొరకును. అమ్మాయిని కూర్చుండియు నిలుచుండియు వాయింపుమనుడు. భుజమునకు బరువైన వాద్యము మూలబడును.

సొమ్మంతయు వాద్యమునకే పెట్టరాదు. మామూలు గిటారునకై చేసిన చిన్న యాంప్లిఫయరున బాస్ బిగ్గరగా వాయించినచో స్పీకరు చెడవచ్చును. కావున బాస్‌కు తగినది వేఱుగా కావలయును. ఇంట పెద్దల మధ్యాహ్న నిద్రకు భంగము గాకుండ హెడ్‌ఫోనుకు పనికివచ్చు చిన్న సాధనమున్నను తొలి దినములకు చాలును. గురువునకిచ్చు జీతమును ముందే లెక్కలో చేర్చుకొనుడు.

నా తుది మాట యిది. క్రొత్తగా నేర్చుకొను బాలికకు, సొమ్ము పరిమితమైనపుడు, మెడ సరిగానున్న మంచి పాసివ్ వాద్యమే కొనుడు. బ్యాటరీ చింత లేకుండ, నాదము తన వ్రేళ్లలోనుండియే రావలెనను నియమమును అది నేర్పును. అయిదు తీగల వాద్యమును గోరుచు, బొటనవ్రేలి వాదనమునందు మక్కువ గలిగి, పలు సభలలో వాయింప నారంభించిన బాలికకు యాక్టివ్ తగును. మార్చు మీట గలదానినే యేఱుడు. రెండింటను నాణ్యము సమముగా నున్నచో తగవును అంగడివాడుగాని బంధువులుగాని తీర్పరాదు. ప్రతిదినము దానిని ఒడిలో నుంచుకొనవలసినది ఆ బాలికయే. ఎంపికయు ఆమెదే కానిండు.