గాజునార, బంక, ఒక పాత కారు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి కాస్త పొడుగైనది. రాసిన సోదరిది ఏలూరు. ఆవిడ కుమారుడు ఇంజనీరింగు చదువుతున్నాడట. సెలవులకు ఇంటికి వచ్చి, కారు లోపల అమర్చే సామాను ఫైబర్ గ్లాసుతో తానే చేస్తానని పట్టుబట్టాడట. ఏవో ఘాటైన డబ్బాలు తెచ్చి పెరట్లో పెట్టాడట. తండ్రి వీల్లేదన్నారు. అబ్బాయి అలిగి రెండు పూటలు అన్నం మానేశాడు. "మీరు అన్నిటికీ సలహా చెబుతారు గదా, దీనికి కూడా చెప్పండి" అని ఆవిడ అడిగారు.

అన్నిటికీ సలహా చెప్పేవాడన్న బిరుదు నాకెవరిచ్చారో తెలియదు గాని, ఈ ఒక్క విషయంలో మాత్రం చెప్పే హక్కు కొంత వుందనుకుంటాను. కిందటేడు మా అక్కయ్యగారి డాబామీద సరిగ్గా ఇదే పని జరిగింది. చేసినవాడు మా మేనల్లుడు. పక్కన స్టూలు వేసుకు కూచుని చూసినవాణ్ణీ, అడిగినప్పుడల్లా బ్రష్షు అందించినవాణ్ణీ నేను.

ముందు ఆ వస్తువేమిటో చెబుతాను. పూర్వం మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవారు చూడండి, సూత్రం అదే. మట్టి ఒక్కటీ అయితే పగులుతుంది. గడ్డి ఒక్కటీ అయితే నిలవదు. రెండూ కలిస్తే గోడ. ఇక్కడ గడ్డికి బదులు వెంట్రుకకంటె సన్నగా తీసిన గాజు పోగులు. మట్టికి బదులు రెజిన్ అనే బంక. గాజు పోగుల్ని పరుపులా పరిచి అమ్ముతారు, దాన్ని మ్యాట్ అంటారు. దానికి బంక పట్టించి, బంక గట్టిపడనిస్తే, ఇనుముకన్న తేలికగా, చెక్కలా చెదపట్టకుండా, ఏ వంపు కావాలంటే ఆ వంపుతో వస్తువు తయారవుతుంది.

కార్లకు ఇది కొత్త కాదు. అమెరికాలో 1953లో షెవర్లే కంపెనీ కార్వెట్ అనే కారు పై తొడుగంతా దీనితోనే చేసింది. ఆ సంవత్సరం చేసినవి 300 కార్లే. మన దేశంలో 1980లలో బెంగుళూరు నుంచి వచ్చిన డాల్ఫిన్ కారు ఒళ్ళు కూడా ఇదే. అంతెందుకు, మన కోస్తాలో చెక్క పడవలు పోయి ఫైబరు పడవలు వచ్చి చాలాకాలమైంది. మావాడికి సరుకు అమ్మిన కొట్టాయన కాకినాడ పడవలకు మాట్లు వేయించినవాడే. కంప్యూటరులో వీడియోలు చూసి నేర్చుకున్నదానికంటె ఆయన దగ్గర అరగంట నిలబడి నేర్చుకున్నది ఎక్కువని మావాడే ఒప్పుకున్నాడు.

ఇక కారు సంగతి. మా బావగారి అంబాసిడర్ 1994 నాటిది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అంబాసిడర్ల తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. ఇంజను సామానంటే బెజవాడ ఆటోనగర్లో తిరిగితే ఏదో ఒకటి దొరికింది గాని, తలుపుల లోపలి అట్టలు మాత్రం మావాడికి దొరకలేదు. ఉన్నవి వానకు తడిసి ఉబ్బి, అంచులు విడిపోయి, అక్కయ్య చీరలు రెండు చింపాయి. ఆవిడ నెలకోసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కారులో మందుల సంచీ పెట్టుకోను చోటు లేదు, నీళ్ళ సీసా పెట్టుకోను చోటు లేదు. పెద్దవాడు హైదరాబాదు నుంచి ఫోను చేసి, "దాన్ని పాతసామాను వాడికి తోలించెయ్యమ్మా, నీకు టాక్సీ పెడతాను" అన్నాడు. అక్కయ్య వెంటనే ఏమీ అనలేదు. రాత్రి నాతో, "టాక్సీలో ఎవడి పక్కన కూచోవాలిరా తమ్ముడూ?" అన్నది. బావగారి పక్క సీటులో ఇరవయ్యేళ్ళు కూచున్న మనిషి ఆవిడ.

చిన్నవాడు ఆ మాట విన్నాడు. మర్నాడే వార్తాపత్రికలు అతికించి తలుపు కొలతలు తీశాడు.

పని తీరు చెబుతాను. తలుపు వెడల్పుకు సరిపడా పలచని ప్లైవుడ్డు కోశాడు. దాని అడుగు భాగంలో జేబు రావలసినచోట, జేబు మూతి ఆకారంలో మరో చెక్క చట్రాన్ని చిన్న పుల్లలతో ఎత్తి నిలబెట్టాడు. అద్దం తిప్పే చెయ్యి చుట్టూ తిరగడానికి వేళ్ళకు ఎంత జాగా కావాలో మా అక్కయ్యచేత అయిదారుసార్లు తిప్పించి మరీ గుర్తు పెట్టుకున్నాడు. ఇక చట్రం మీద సాగే గుడ్డ ఒకటి బిగించాలి. ఫ్లీసు గుడ్డ వాడతారు. సాగే నూలుదైనా పనికొస్తుంది. అక్కయ్య బీరువాలోంచి బావగారి పాత బనియన్లు నాలుగు తీసి ఇచ్చింది. వాడు ఒక్క నిమిషం వాటిని చేత్తో పట్టుకుని ఊరుకుని, తర్వాత కత్తెర తీసుకున్నాడు.

గుడ్డను డోలు మీద చర్మంలా లాగి, వెనక పిన్నులు కొట్టి, దానికి బంక పట్టిస్తే గంటలో గుల్లలా గట్టిపడింది. అప్పుడు మూతి దగ్గర గుడ్డ కోసేసి, లోపలివైపు మ్యాట్ రెండు వరసలు వేశాడు. గాజునార ఎంత తూగితే బంక దానికి రెండింతలు, మహా అయితే రెండున్నర. బంక ఎక్కువైతే బలం ఎక్కువని అనుకోకూడదు; ఉత్త బంక పెళుసు. బ్రష్షుతో రాయకూడదు, పొడుస్తూ అద్దాలి. తెల్లటి నార బంక తాగి కనబడకుండా పోయేదాకా అద్దాలి. తెల్లమచ్చ మిగిలిందంటే లోపల గాలి వున్నట్టు.

కొందరు థర్మోకోలును చెక్కి దానిమీద నేరుగా ఈ బంక రాయమంటారు. మావాడు ముందు చిన్న ముక్క మీద రెండు చుక్కలు వేసి చూశాడు. వేడి పాకంలో పటికబెల్లంలా కరిగిపోయింది. బంకలో వుండే స్టైరీను దాన్ని తినేస్తుంది. థర్మోకోలే కావాలంటే పైన అల్యూమినియం రేకు అతికించి వాడుకోవాలి.

ఈ బంక దానంతటది త్వరగా గట్టిపడదు. గట్టిపరిచే మందు వేరే సీసాలో ఇస్తారు. బంక బరువులో నూటికి 1 నుంచి 2 వంతులు చాలు. 200 గ్రాములకు 2 మిల్లీలీటర్లు, అంతే. మన వేసవిలో అదీ ఎక్కువగానే పనిచేస్తుంది. అందుకని మావాడు తెల్లవారుజామున అయిదింటికే లేచి, ఒక్కోసారి 200 గ్రాములకు మించి కలపకుండా పని చేశాడు. గిన్నెలో మిగిలిన బంక తనలో తానే వేడెక్కుతుంది. ముద్దగా వుంటే పొగ కూడా కక్కుతుంది. దాన్ని చెత్తబుట్టలో పారెయ్యకూడదు. ఇసకలో వుంచి, చల్లారి రాయి అయినాక పారెయ్యాలి.

సోదరీ, మీవారు వద్దనడంలో న్యాయం వున్నదంటే ఇక్కడే వున్నది. ఆ గట్టిపరిచే మందు కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది, చూపు పోవచ్చు. పడిన మరుక్షణమే ధారగా నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడుగుతూ, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అసలు పడకుండా కళ్ళకు మూసుకునే అద్దాలు పెట్టుకోవాలి. కోబాల్టు అనే ఊదారంగు మందు ఇంకొకటి వుంది. కొన్ని బంకల్లో ముందే కలిపి ఇస్తారు, కొన్నిటికి మనం కలపాలి. కలపవలసి వస్తే ముందు దాన్ని బంకలో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే రెండోది వెయ్యాలి. ఆ రెండు మందులూ సూటిగా ఒకదానితో ఒకటి కలిశాయో, భగ్గుమంటాయి, పేలుతాయి. రెంటికీ వేర్వేరు సిరంజీలు, వేర్వేరు అరలు. కొట్టాయన ఈ మాట మావాడిచేత మూడుసార్లు వల్లె వేయించాడు.

ఘాటు సంగతి కూడా తక్కువది కాదు. స్టైరీను మనిషికి కాన్సరు కలిగించే అవకాశం హెచ్చుగా వున్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2018లో నిర్ణయించింది. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే ఆ ఆవిరి ఆగదు. రసాయనాల ఆవిరికని ప్రత్యేకంగా డబ్బీలు బిగించిన ముసుగు దొరుకుతుంది, అది కావాలి. పైగా సుమారు 31 డిగ్రీల వేడికే దాని ఆవిరి నిప్పు అందుకుంటుంది. మనకు వేసవిలో 31 డిగ్రీలంటే రాత్రిపూట చల్లదనం! అక్కయ్య రోజూ సాయంత్రం డాబామీద తులసి దగ్గర దీపం పెడుతుంది. పని జరిగిన పన్నెండు రోజులూ తులసికోటను కిందికి దింపించి పెరట్లో పెట్టించాడు మావాడు. "దేవుడికి కూడా నీ కారు కోసం ఇల్లు మార్చావురా" అని ఆవిడ విసుక్కున్నది గాని, కింద పెరట్లోనే దీపం పెట్టింది.

తర్వాతది అరగదీత. పుట్టీ పెట్టడం, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 220 దాకా రుద్దడం. చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి ఆరు రోజులు. కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు పెట్టి బొమ్మ నునుపు చేస్తారే, వారి ఓపిక ఇక్కడ కావాలి. గాజు నుసి ఒంటికి తగిలితే దురదగొండి ఆకు గుర్తొస్తుంది. పొడవు చేతుల చొక్కా, ముసుగు, తడి చేసి రుద్దడం, ఆ బట్టలు విడిగా ఉతకడం, ఇవి తప్పవు. చిన్నపిల్లల్ని ఆ ఛాయలకే రానివ్వకూడదు.

పైన రెగ్జిన్ అతికించి, అంచులు గుండ్రంగా మడిచి, పదిరోజులు ఎండలో వుంచాడు. ఘాటు పూర్తిగా పోతేనే కారులో బిగిస్తానన్నాడు. తలుపులు మూసుకుని కూచునే చోటు గదా! బిగించాక అక్కయ్య ఒక జేబులో నీళ్ళ సీసా, మందుల సంచీ పెట్టి చూసుకున్నది. రెండో జేబులో ఏం పెట్టాలో తోచక బావగారి కళ్ళజోడు పెట్టె తెచ్చి పెట్టింది. పెద్దవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. సంక్రాంతికి వచ్చి, తానే నడిపి, ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాడు.

మీ అబ్బాయి చెయ్యబోయేది కొత్త కారుకైతే ఇంకొక మాట. స్టీరింగు మధ్య భాగం, ఎదుటి డాష్‌బోర్డు, స్తంభాల తొడుగులు, వీటి వెనక గాలి సంచులు వుంటాయి. వాటి మూతలు ఎక్కడ, ఎలా చీలాలో లెక్కకట్టి చేస్తారు. అక్కడ ఫైబరు తొడుగు వేస్తే సంచి తెరుచుకునే వేళ ఆ తొడుగే ముక్కలై మొహానికి తగులుతుంది. వాటి జోలికి పోవద్దు. డిక్కీలో స్పీకరు పెట్టె, సీట్ల మధ్య గ్లాసులు పెట్టుకునే అర, ఇలాంటివి చేసుకోమనండి.

అంచేత మీవారితో ఇలా చెప్పి చూడండి: ముసుగు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు ముందు కొన్నాకే డబ్బా మూత తియ్యాలి, పెరట్లో వంటింటికి దూరంగా చెయ్యాలి, ఒంటరిగా చెయ్యకూడదు, ఎవరో ఒకరు పక్కన వుండాలి. ఆ ఎవరో ఒకరు ఆయనే అయితే మరీ మంచిది. బ్రష్షు అందించడం పెద్ద కష్టమేమీ కాదు.

మిగిలిపోయిన గట్టిపరిచే మందును చల్లటి నీడలో, అది వచ్చిన సీసాలోనే, పేరు చెరగకుండా వుంచాలి. వంటింటి ఫ్రిజ్‌లో పెట్టడం, ఖాళీ మంచినీళ్ళ సీసాలో పొయ్యడం ఎంతమాత్రం కూడదు. మావాడు సగం సీసా మిగిలితే ఇంట్లో వుంచడం దేనికని కొట్టాయనకే తిరిగి ఇచ్చేశాడు. ఆయన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.