నీళ్ళూ నేలా – 4: కాణి లేనోడి నీళ్ళు

మా ఐరాల మండలంలోని కాణిపాకం పేరు అందరికీ తెలుసు. ఆ పేరుకు స్థలపురాణం చెప్పే అర్థం మాత్రం ఎవరూ పట్టించుకోరు. కాణి అంటే మాగాణి, పారకం అంటే నీళ్ళు పారడం. అన్నదమ్ముల బావి దగ్గర కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు కాణి నేల మేర పారాయంట. కథలో కూడా నీళ్ళని కొలిచింది భూమితోనే.

దేశం నీళ్ళ ప్రణాళికదీ అదే కొలత. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నేల కిందున్న నీళ్ళు తోడుకునే హక్కు ఆ నేల యజమానిది. తెల్లోడు పోయాడు, చట్టం పోలేదు. భూగర్భజలం ఉమ్మడి వనరు, ప్రభుత్వం దానికి ధర్మకర్త అని 2012 జాతీయ జలవిధానం చెప్పింది. ఆ పాత చట్టాన్ని మార్చాల్సి రావచ్చని కూడా రాసింది. విధానానికి చట్టబలం లేదు కదా, రాత రాతగానే ఉండిపోయింది.

ఇదేదో ఢిల్లీ గొడవ అనుకోకండి మిత్రులారా. మాది పెద్ద నది కాలువలు పారే సీమ కాదు. చెరువులు, వాటి తర్వాత బోర్లు. చెరువుల కాలంలో తూము తెరిచి ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసిన నీరుగట్టి చాలా ఊళ్ళలో మనోడే. మొరవ పారిన రాత్రి కట్ట మీద కాపలా ఉన్నదీ మనోడే. ఆ చెరువు లెక్క ఏ ఇంజనీరుకన్నా వాడికే బాగా తెలుసు. ఆయకట్టులో మాత్రం వాడి పేరున సెంటు లేదు. బోర్లొచ్చాక ఆ కొలువూ పోయింది, నీళ్ళు పట్టాదారు మోటారులోకి పోయాయి.

2020లో రాష్ట్రం జలకళ పేరుతో ఉచిత బోర్లన్నది. మంచిదే. ఒకే చోట 2.5 ఎకరాలుండాలి, లేకుంటే పక్క రైతులతో గుంపు కట్టాలి అన్నది షరతు. అర ఎకరా డీకేటీ పట్టా ఉన్న అరుంధతివాడ మనిషితో గుంపు కట్టేదెవరు?

2019 జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లన్నది. ఊరి బోరు పక్కనే తోటల బోర్లు వందల అడుగులు దిగుతుంటే కుళాయిలో ఏమొస్తుంది? ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు ఇష్టమొచ్చినట్టు బోరు వేయకూడదని వాల్టా చట్టం 2002లోనే చెప్పింది.

మహద్ చెరువు గురించి ఏటా మార్చి 20న పోస్టులు పెడతాం. అదే అంబేడ్కర్ 1942–46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్లో ఉండి దామోదర్ లోయ ప్రణాళికను, కేంద్ర జల కమిషన్ పుట్టుకను నడిపించాడని ఎంతమందిమి చదివాం?

మండలంలో తాగునీటి బోర్లెన్ని, వాటికి 250 మీటర్లలోపు అనుమతిచ్చిన బోర్లెన్ని అని విద్యార్థులు సమాచార హక్కు కింద అడగండి. మీ మండలంలోనూ అడగండి. వచ్చిన జవాబులు తర్వాతి భాగంలో పెడతాను. జై భీమ్.