మూగజీవుల చావుకు లెక్క ఏది?

రహదారిపై చిరుతపులి చనిపోయినచో పత్రికలలో వార్త వచ్చును. కప్ప చనిపోయినచో చక్రమునకంటిన మట్టితోపాటు మరచిపోవుదుము. ఈ పక్షపాతమును గూర్చియే మేము రెండు మాటలు చెప్పదలచినాము.

ఈ మరణాలు దారి పొడవునా సమముగా జరుగవు. కొన్ని చోట్లనే అధికముగా జరుగుచుండును. ఆ చోట్లు అన్ని జాతులకు ఒకటి కావు. తొలకరి వానలకు కప్పలు చెరువులు, కుంటల ప్రక్కన చచ్చును. రాత్రి తారురోడ్డు వెచ్చదనమునకు చేరిన పాములు చక్రాల పాలగును. రాలిన గింజల కొరకు వ్రాలిన పక్షులు పట్టపగలే బలియగును. అడవి ఇరువైపుల దట్టముగా నున్నచోట, వాగులు దారిని దాటుచోట పెద్ద జంతువులకు ప్రమాదము హెచ్చు.

కర్ణాటకలోని బందీపూరు అడవిలో 2009 నుండి రాత్రి 9 మొదలు ఉదయము 6 వరకు రాకపోకలు ఆపినారు. మన నల్లమలలో శ్రీశైలము దారికిని అట్టి నియమమే కలదు. హైదరాబాదు, కర్నూలు మీదుగా సాగు 44వ జాతీయ రహదారిపై, మహారాష్ట్రలోని పెంచ్ వద్ద, జంతువులకై వంతెనల క్రింద 9 మార్గాలు విడిచినారు. 2019లో మార్చి నుండి డిసెంబరు వరకు 18 జాతుల జంతువులు 5,450 సార్లు వాటిని వాడుకొన్నట్లు కెమెరాలలో తేలినది.

ఇవి మెచ్చదగిన పనులే. కాని పులికై కట్టిన వంతెన పది మైళ్ల దూరపు చెరువుగట్టున కప్పను కాపాడజాలదు. అక్కడ చిన్న తూము, దానివైపు త్రోవ చూపు పొట్టి గోడ కావలెను.

మనుష్యులే చచ్చు దారులలో కప్పల లెక్క ఎందుకని కొందరందురు. పురుగులను తిను కప్ప, ఎలుకలను తిను పాము రైతు పంటకు కాపరులు కావా? పైగా ప్రమాదస్థలము తెలిసినచో దారి అంతటికి గాక అచ్చటనే ఖర్చు పెట్టవచ్చును.

ఆ లెక్క కారులో కూర్చుండి తీయరాదు. చిన్న కళేబరాలు కంటబడవు, తెల్లవారగనే కాకులు, కుక్కలు ఎత్తుకొనిపోవును. కావున కాలేజీ కమిటీ పెద్దలకు మా మనవి: జంతుశాస్త్ర విద్యార్థులను, అధ్యాపకుల పర్యవేక్షణలో, రద్దీ లేని ఒక దారి అంచున వేకువజామున నడిపించి, ఏ జీవి ఎక్కడ చనిపోయినదో ఒక సంవత్సరము వ్రాయించవలెను. ఆ పట్టికను ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ఈ సంచికలోనే అచ్చువేయవలెను.

విద్యార్థి మిత్రులారా! లెక్కలోనికి రాని ప్రాణికి రక్షణయు రాదు. ఆ లెక్క మన చేతులతోనే మొదలగుగాక.